పెట్టెలో వచ్చిన మోకాలి పట్టీ

2018 వేసవిలో ఒక శనివారం పొద్దున, డాలస్ శివార్లలోని మా ఇంటి గుమ్మం ముందు ఒక పెద్ద అట్టపెట్టె కనిపించింది. మా ఆవిడ నేనేదో కొన్నాననుకుంది. నేను తనేదో కొందనుకున్నాను. తెరిచి చూస్తే రెండు మోకాలి బ్రేసులు, ఒక నడుం బ్రేసు, ఒక మణికట్టు బ్రేసు. అన్నీ మా అమ్మ పేరు మీద.

"మెడికేర్ వాళ్ళు ఫోన్ చేసినారు రా. మోకాళ్ళ నొప్పులు ఉండాయా అని అడిగినారు. ఉండాయి అన్నాను. ఊరికే పంపిస్తామన్నారు" అంది అమ్మ. కొడుకు చేత ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టించకుండా తన పని తానే చక్కబెట్టుకున్నానన్న తృప్తి ఆవిడ మొహంలో కనిపించింది.

అమ్మకి నొప్పి ఉన్నది కుడి మోకాలికి ఒక్కదానికే. నడుముకీ మణికట్టుకీ ఏ బాధా లేదు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతామని మనమీద మనమే జోకులు వేసుకుంటాం కదా, నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది. అమ్మ ఆ మోకాలి బ్రేసుని రెండు వారాలపాటు పొద్దస్తమానం బిగించి కట్టుకుంది. మోకాలి వెనక పట్టీ ఒరుసుకుని చర్మం లేచిపోయి పుండైంది. అమ్మకి చాలా ఏళ్ళుగా షుగరు ఉంది. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మా ఇంట్లో నిజమైంది.

నేను మెకానికల్ ఇంజనీరింగులో ఎమ్మెస్ చేసి, మనలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్‌లో తేలినవాణ్ణి. వైద్యుణ్ణి కాను. ఆ పెట్టె మా ఇంటికి ఎలా వచ్చిందో తెలుసుకుందామని మొదలుపెట్టి, ఈ బ్రేసుల రంగం గురించి కొంత చదివాను, కొంత అడిగి తెలుసుకున్నాను. మన ఇళ్ళలో చాలామంది తల్లిదండ్రులు గ్రీన్ కార్డు మీద వచ్చి, ఇక్కడ అయిదేళ్ళ నివాసం పూర్తిచేసి, 65 దాటాక మెడికేర్‌లో చేరుతున్నారు. మా అక్క స్పాన్సర్ చేసిన అమ్మ కూడా అలా చేరినదే. అందుకే ఈ నాలుగు మాటలు.

మోకాలు చూసిన మనిషి

2019 చివర్లో అమ్మ మోకాలి నొప్పి ముదిరింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, మోకాలి లోపలివైపు కీలు అరిగిందనీ, ఆపరేషన్ అప్పుడే వద్దనీ, 'అన్‌లోడర్' రకం బ్రేస్ వాడి చూద్దామనీ చెప్పి, ఆర్థోటిస్ట్ దగ్గరికి పంపారు. శరీరానికి కావలసిన బ్రేసులని కొలిచి, తయారుచేసి, అమర్చే నిపుణుడే ఆర్థోటిస్ట్.

ఆయన ముందు అమ్మని నడవమన్నారు. హాల్లో ఆ చివరినుంచి ఈ చివరికి నాలుగుసార్లు నడిపించి వెనకనుంచి చూశారు, పక్కనుంచి చూశారు. షుగరు ఉందని తెలిసి పాదాల్లో స్పర్శ ఎలా ఉందో పరీక్షించారు. మోకాలి వెనక మచ్చ ఏమిటని అడిగారు. తొడ దగ్గరా, మోకాలి దగ్గరా, పిక్క దగ్గరా చుట్టుకొలతలు తీసుకున్నారు. మొత్తం నలభై నిమిషాలు.

నేను మెకానికల్ చదివానని తెలిసి, కాగితం మీద ఒక బొమ్మ గీసి చూపించారు. వంగిన కర్రని సరిచెయ్యాలంటే వంపు దగ్గర ఒకవైపునుంచి నొక్కాలి, రెండు చివర్లనీ ఎదురువైపునుంచి పట్టి ఉంచాలి. బ్రేసుల్లో చాలావాటికి ఇదే మూలసూత్రం. మూడు చోట్ల ఒత్తిడి. అమ్మ కాలు మోకాలి దగ్గర బయటికి వంగి ఉండడం వల్ల ఒంటి బరువంతా కీలు లోపలి భాగం మీద పడుతోంది. అన్‌లోడర్ బ్రేస్ మోకాలి దగ్గర బయటినుంచి లోపలికి తోస్తుంది, తొడ దగ్గరా పిక్క దగ్గరా లోపలినుంచి బయటికి తోస్తుంది. దాంతో అరిగిన భాగం మీద భారం కాస్త తగ్గుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. మన మోకాలు తలుపు బందులాగా ఒకే ఇరుసు మీద తిరగదు. వంగుతున్నకొద్దీ ఆ ఇరుసు జరుగుతూ ఉంటుంది. బ్రేసుకున్న బందు మోకాలి ఇరుసుకి కాస్త పైనో కిందో పడితే, అడుగడుక్కీ బ్రేసు కిందికి జారుతుంది, పట్టీలు చర్మాన్ని ఒరుస్తాయి. అమ్మ పుండు ఎందుకొచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

కారెక్కుతూ అమ్మ అంది: "ఈయన చూసినాడు. ఆ పెట్టె పంపినోడు నా మోకాలు చూడనే లేదు గదరా! మన పుత్తూరులో కూడా చెయ్యేసి తడిమి చూడకుండా కట్టు కట్టరే!"

తిరుపతి దగ్గరి పుత్తూరు, ఎముకల కట్టుకి తరతరాలుగా పేరున్న ఊరు. ఆ నాటుకట్టు ఈనాటి వైద్యానికి సాటి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎక్స్‌రే తీసి డాక్టరు చెయ్యవలసిన విరుపుల్ని డాక్టరే చెయ్యాలి. కానీ అమ్మ మాటలో అసలు సంగతి ఉంది. బ్రేస్ అనేది వస్తువు మాత్రమే కాదు. ఒక మనిషి ఇంకో మనిషి ఒంటిని చూసి చేసే పని. ఈ రంగంలో ప్రమాణాలన్నీ 'ఎవరు చూడాలి' అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. మోసపు వ్యాపారం ఆ చూడడాన్నే ఎగరగొట్టి మిగిలినదాన్ని అమ్ముతుంది.

ఆ సాయంత్రమే ఇంకో దెబ్బ తగిలింది. బ్రేస్ కోసం మెడికేర్ రికార్డు చూసిన ఆఫీసువాళ్ళు, "మీ అమ్మగారి పేరు మీద ఇలాంటి బ్రేసు ఇదివరకే ఇచ్చినట్టుంది, ఇప్పుడు మళ్ళీ ఇవ్వడం కష్టం" అన్నారు. మోకాలి బ్రేసులకి మెడికేర్ లెక్క ప్రకారం ఒక ఆయుష్షు ఉంటుంది. రకాన్ని బట్టి ఒకటినుంచి మూడేళ్ళు. ఆ లోపల అలాంటిదే ఇంకోటి అడిగితే తిరస్కరిస్తారు. అంటే ఆ పెట్టె ఊరికే రాలేదు. అమ్మకి నిజంగా అవసరమైన రోజున దొరకవలసిన బ్రేసుని అది ముందే తినేసింది. డాక్టరు ఉత్తరం, ఫిర్యాదు, అప్పీలు అన్నీ పెట్టి, చివరికి అయిదు నెలలకి పని జరిగింది. ఆ అయిదు నెలలూ అమ్మ గోడ పట్టుకుని నడిచింది.

బ్రేసులన్నీ బూటకం కావు

ఇది చదివి "అయితే ఇవన్నీ దండగ" అనుకోకండి. సరైన మనిషికి, సరైన బ్రేస్, సరిగా అమర్చితే ఫలితం ఉంటుందనడానికి గట్టి ఆధారాలున్నాయి.

ఎదిగే వయసు పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, వెన్నెముక పక్కకి వంగే స్కోలియోసిస్‌నే తీసుకోండి. అమెరికా, కెనడాల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఎదుగుదల ఆగేలోపు వంపు 50 డిగ్రీలకి చేరకుండా ఉండడాన్ని విజయంగా లెక్కపెట్టారు. బ్రేస్ వేసుకున్నవాళ్ళలో 72 శాతం, వేసుకోనివాళ్ళలో 48 శాతం ఆ గట్టెక్కారు. బ్రేసులో సెన్సర్లు పెట్టి ఎన్ని గంటలు వేసుకున్నారో కూడా కొలిచారు. రోజుకి దాదాపు 13 గంటలకి పైన వేసుకున్నవాళ్ళలో 90 శాతానికి పైగా మంచి ఫలితం వచ్చింది. మోకాలి అరుగుదలకి కూడా, నడకకి ఇబ్బంది బాగా ఉన్నవాళ్ళ విషయంలో, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు బ్రేసుని గట్టిగానే సిఫార్సు చేశాయి.

మరోపక్క, మామూలు నడుం నొప్పి రాకుండా ఆపడానికి నడుం బెల్టులు పనికొస్తాయా అని కాక్రేన్ సంస్థ 2008లో అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, అవి కట్టుకున్నా కట్టుకోకపోయినా పెద్ద తేడా కనిపించలేదు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మన జాతి ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి 'బ్రేస్ మంచిదా, చెడ్డదా' అన్న ప్రశ్నకి అర్థం లేదు. ఎవరికి, దేనికి, ఎవరు అమర్చారు అన్నవే అసలు ప్రశ్నలు.

మూడు మెట్లు, మూడు ధరలు

మెడికేర్ బ్రేసులని స్థూలంగా మూడు మెట్లుగా చూస్తుంది.

మొదటిది షెల్ఫ్ మీదినుంచి తీసి ఇచ్చేది. పట్టీ బిగించుకోవడం, వదులు చేసుకోవడం లాంటి చిన్న సర్దుబాటు తప్ప ఇంకేమీ అక్కర్లేనిది. ఆ సర్దుబాటు రోగి తానే చేసుకోవచ్చు.

రెండోది ముందే తయారై ఉన్నా, ఒక మనిషి ఒంటికి తగ్గట్టు కత్తిరించి, వంచి, అచ్చు మార్చి అమర్చవలసినది. దీనికి శిక్షణ పొందిన మనిషి చెయ్యి పడాలి.

మూడోది ఒంటి కొలతలో అచ్చో తీసుకుని ఆ ఒక్క మనిషి కోసమే తయారుచేసేది.

2014లో మెడికేర్ మొదటి రెండు రకాలకీ వేర్వేరు కోడ్లు పెట్టింది. చూడడానికి ఒకేలా ఉన్న రెండు బ్రేసులు వేర్వేరు కోడ్ల కిందికి రావచ్చు. తేడా వస్తువులో లేదు, దాన్ని అమర్చడంలో చేసిన పనిలో ఉంది. అమర్చే పనేమీ చెయ్యకుండా చేసినట్టు బిల్లు వేస్తే అది మోసం.

డబ్బు సంగతికొస్తే, ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2012లో ఒక నివేదిక ఇచ్చింది. ఒక రకం నడుం బ్రేసుకి మెడికేర్ లెక్కగట్టిన ధర సగటున 919 డాలర్లు. సరఫరాదారుడు దాన్ని కొన్నది సగటున 191 డాలర్లకి. మధ్యలో 728 డాలర్లు. నిపుణుడి సమయం, కొలతలు, మళ్ళీ మళ్ళీ వచ్చి సరిచేయించుకోవడం ఇవన్నీ ఆ తేడాలో ఉంటే న్యాయమే. మా అమ్మ విషయంలో జరిగినట్టు పెట్టెలో పెట్టి పంపేస్తే, ఆ తేడా అంతా లాభమే. ఈ తేడానే ఈగల్ని రప్పించిన బెల్లం ముక్క.

ఎవరికి అర్హత?

ఈ దేశంలో ఈ వృత్తికి ప్రమాణాలు చూసే ప్రధాన సంస్థ అమెరికన్ బోర్డ్ ఫర్ సర్టిఫికేషన్. 1948లో మొదలైంది. సర్టిఫైడ్ ఆర్థోటిస్ట్ కావాలంటే ఇప్పుడు ఈ రంగంలో మాస్టర్స్ చదవాలి, కనీసం ఏడాది రెసిడెన్సీ చెయ్యాలి, పరీక్షలు పాసవ్వాలి. పేరు పక్కన 'సి.ఓ.' అని ఉంటుంది. 1984లో మొదలైన బి.ఓ.సి. అనే మరో సంస్థ కూడా సర్టిఫికెట్లు ఇస్తుంది. వీటికి కింది మెట్టులో 'ఫిట్టర్'లు ఉంటారు. ముందే తయారైన బ్రేసులని అమర్చడం వరకే వీళ్ళ పని. వీళ్ళలో కొందరి పేరు పక్కన 'సి.ఎఫ్.ఓ.' అని కనిపిస్తుంది. కంపెనీ ఖాతాలు చూసే సి.ఎఫ్.ఓ. అనుకునేరు!

సర్టిఫికెట్ వేరు, ప్రభుత్వ లైసెన్సు వేరు. టెక్సస్, ఫ్లోరిడా, ఒహాయో, ఇల్లినాయ్, న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు చట్టాలున్నాయి. మనవాళ్ళు బోలెడుమంది ఉన్న కాలిఫోర్నియాలో లేదు. మా టెక్సస్‌లో అయితే లైసెన్సుల శాఖ సైటులో పేరు కొడితే చాలు, లైసెన్సు ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. జుట్టు కత్తిరించేవాడికి లైసెన్సు అడిగే రాష్ట్రం, వెన్నెముకకి బ్రేసు కట్టేవాడిని అడక్కపోవడం నాకు వింతగానే అనిపించింది.

మెడికేర్ స్థాయిలో కథ ఇంకా విచిత్రం. ఒంటి కొలతలతో తయారుచేసే బ్రేసులకి, అర్హత ఉన్న నిపుణులు ఇస్తేనే డబ్బు చెల్లించాలని కాంగ్రెస్ 2000లో చట్టం చేసింది. దాన్ని అమలుచేసే నిబంధనల ముసాయిదా 2017 జనవరిలో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో వెనక్కి తీసుకున్నారు. ముసాయిదాకి పదహారేళ్ళు పడితే, వెనక్కి తీసుకోవడానికి పది నెలలు కూడా పట్టలేదు.

మన దేశంలో 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద ప్రాస్తటిస్టులు, ఆర్థోటిస్టులు కేంద్ర రిజిస్టరులో నమోదు కావాలి. అయినా మన ఊళ్ళో నడుం బెల్టు కొనాలంటే మందుల షాపుకెళ్ళి "మీడియమా, లార్జా?" అన్న ప్రశ్నకి జవాబు చెబితే చాలు. అలా కొన్న బెల్టులే మన పెద్దవాళ్ళ సూట్‌కేసుల్లో పచ్చళ్ళతోపాటు ఇక్కడికి వస్తుంటాయి.

ఆ ఫోన్ ఎక్కడినుంచి వచ్చింది?

2019 ఏప్రిల్ 9న అమెరికా న్యాయశాఖ ఒక కేసు ప్రకటించింది. దాంతో మా ఇంటి పెట్టె రహస్యం చాలావరకు విడిపోయింది. 24 మంది మీద అభియోగాలు. 120 కోట్ల డాలర్లకి పైగా నష్టం. అదే రోజు మెడికేర్ నడిపే సంస్థ 130 సరఫరా కంపెనీల మీద చర్య తీసుకుంది. ఆ కంపెనీలు పెట్టిన బిల్లులు 170 కోట్ల డాలర్లకి పైన, వాటికి అప్పటికే చెల్లించినది 90 కోట్లకి పైన.

పద్ధతి ఇదీ. టీవీలో, రేడియోలో, నెట్‌లో ఉచిత బ్రేసుల ప్రకటనలు వేస్తారు. ఫిలిప్పీన్స్, లాటిన్ అమెరికా దేశాల్లోని కాల్ సెంటర్లు ఆ వలలో పడిన పెద్దవాళ్ళతో మాట్లాడి మెడికేర్ నంబరు రాబడతాయి. తరవాత ఒక టెలిమెడిసిన్ కంపెనీ ద్వారా, రోగిని ఎన్నడూ చూడని డాక్టరు చేత ఆర్డరు మీద సంతకం పెట్టిస్తారు. కొందరితో క్షణకాలం ఫోన్లో మాట్లాడతారు, కొందరితో అదీ లేదు. ఆ ఆర్డరుని బ్రేసుల కంపెనీకి అమ్ముతారు. వాళ్ళు పెట్టె పంపి మెడికేర్‌కి బిల్లు వేస్తారు. ఒక మోకాలి నొప్పి పెట్టెలో నాలుగు బ్రేసులు ఎందుకైందో ఇప్పుడు తెలిసిందిగా! ఎన్ని కీళ్ళుంటే అన్ని బిల్లులు.

మా అమ్మ పెట్టె ఆ కేసులోని వాళ్ళదేనని నేను అనడం లేదు. పద్ధతి మాత్రం అచ్చు అదే. అమ్మకి వచ్చిన మెడికేర్ నోటీసులో మేమెన్నడూ పేరు వినని వేరే రాష్ట్రపు డాక్టరు ఉన్నారు. ఆ నోటీసు అంతకుముందే వచ్చింది. నేనే విప్పి చూడలేదు.

చట్టం లేక కాదు. మెడికేర్ సరఫరాదారులు ముక్కూమొహం తెలియని పెద్దవాళ్ళకి తమంతట తామే ఫోన్ చెయ్యడం నిషిద్ధం. ముందే రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి ఉండాలి, లేదా వాళ్ళ దగ్గర ఇదివరకు తీసుకున్న వస్తువు గురించి అయ్యుండాలి, లేదా గత 15 నెలల్లో ఏదైనా సరఫరా చేసి ఉండాలి. రోగుల్ని పంపినందుకు ముడుపులు ఇవ్వడం, పుచ్చుకోవడం పదేళ్ళదాకా జైలు పడే నేరం.

2022 ఏప్రిల్‌నుంచి కొన్ని నడుం, మోకాలి బ్రేసులకి ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ వచ్చి, అదే ఏడాది అక్టోబరుకల్లా దేశమంతా అమలుచేశారు. దీని బాధ నిజాయితీగా పనిచేసే ఆర్థోటిస్టుల మీద కూడా పడింది. దొంగల కోసం పెట్టిన తాళం దొరల చేత కూడా తీయిస్తారు కదా.

నేను రాసిన ఫారం

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి ఒప్పుకోవాలి.

2025 జూన్‌లో ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ జ్యూరీ, 100 కోట్ల డాలర్లకి పైగా బిల్లులు పెట్టిన ఒక కుంభకోణంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అధిపతిని దోషిగా తేల్చింది. బ్రేసులకీ ఇతర వస్తువులకీ తప్పుడు డాక్టరు ఆర్డర్లు తయారుచేసే ఒక ఇంటర్నెట్ వేదికే అందులో ముఖ్యమైన పరికరం. ఆ వార్త చదువుతుంటే నాకు 2013 గుర్తొచ్చింది.

అప్పుడు నేను కాంట్రాక్టు మీద ఒక చిన్న కంపెనీకి పనిచేస్తున్నాను. ఒక క్లయింటు కోసం వెబ్ ఫారం రాయమన్నారు. "మీకు షుగరు ఉందా? మెడికేర్ ఉందా? మీ ఫోన్ నంబరు?" కింద ఒక చిన్న గడి, "మా భాగస్వాములు నాకు ఫోన్ చేయవచ్చు" అని. ఆ గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచమని స్పెసిఫికేషన్లో ఉంది. పెట్టాను. ఆ పేర్లు ఎవరికి అమ్ముతారు, వాళ్ళు ఏం పంపుతారు అని నేను అడగలేదు. అక్షరాల సైజు, బటన్ రంగు గురించి మాత్రం రెండు మీటింగుల్లో చర్చించాం. పేజీ త్వరగా లోడవుతోందని మెచ్చుకున్నారు కూడా.

అయిదేళ్ళ తరవాత మా అమ్మ ఫోన్లో "ఎస్, ఎస్, నీ పెయిన్" అన్నప్పుడు, ఎక్కడో ఒక డేటాబేస్‌లో ఒక వరుస చేరింది. ఆ వరుస ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అలాంటి టేబుల్ ఒకటి నేనే తయారుచేశాను.

ఆర్థోటిస్టుకి మాస్టర్స్, రెసిడెన్సీ, పరీక్షలు, లైసెన్సు, తప్పు చేస్తే సర్టిఫికెట్ పోతుందన్న భయం ఉన్నాయి. అతని పనిని తప్పించే సాఫ్ట్‌వేర్ రాసేవాడికి వీటిలో ఒక్కటీ లేదు. మనలో డాక్టర్లున్నారు, ఫార్మసిస్టులున్నారు, హెల్త్‌కేర్ స్టార్టప్‌లలో పనిచేసేవాళ్ళూ పెట్టుబడి పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఖాళీ సమయంలో ఇంటినుంచే ఆర్డర్లు 'రివ్యూ' చేస్తే చాలు, ఒక్కోదానికి ఇంత అని పిలుపులు డాక్టర్లకి వస్తుంటాయి. ఆ పిలుపు వచ్చినప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. ఈ రోగిని ఎవరు చూశారు? జవాబు 'ఎవరూ లేరు' అయితే, మన సంతకమో మన కోడో ఆ ఖాళీని కప్పిపెట్టడానికే.

ప్రకటనల్లో తియ్యటి మాటలు

కొన్ని మాటలకి అర్థాలు తెలిస్తే సగం మోసం అక్కడే ఆగుతుంది.

'ఎఫ్.డి.ఏ. రిజిస్టర్డ్': చేతికీ కాలికీ నడుముకీ కట్టే మామూలు బ్రేసులు ఎఫ్.డి.ఏ. లెక్కలో అతి తక్కువ ప్రమాదం ఉన్న మొదటి తరగతి పరికరాలు. వీటికి ముందస్తు పరిశీలన అక్కర్లేదు. కంపెనీ తన పేరు నమోదు చేసుకుంటుంది, అంతే. రిజిస్టరైనంత మాత్రాన ఎఫ్.డి.ఏ. ఆమోదించినట్టు కాదు. (పసిపిల్లల తల ఆకారం సరిచేసే హెల్మెట్ల సంగతి వేరు. అవి రెండో తరగతి, వాటికి ఎఫ్.డి.ఏ. అనుమతి కావాలి.)

'మీకు పైసా ఖర్చు లేదు': మెడికేర్ పార్ట్ బి కింద డిడక్టిబుల్ పోయాక మామూలుగా 20 శాతం మనవంతు. సప్లిమెంటు ఉంటే వాళ్ళు కట్టవచ్చు. కానీ మీ వివరాలేవీ తెలియకుండానే ముందే 'ఉచితం' అన్నవాడిని అనుమానించాల్సిందే.

'రాగి కలిపిన బట్ట, కీళ్ళ నొప్పి మాయం': టామీ కాపర్ అనే కంపెనీ ఇలాంటి ప్రకటనలకి తగిన ఆధారాలు లేవన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణ మీద, 2015లో 13.5 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. బిగుతుగా, వెచ్చగా ఉండే తొడుగు హాయిగా అనిపించవచ్చు. ఆ హాయి వేరు, రోగం తగ్గడం వేరు.

మనం చేయగలిగినవి

ఒకటి. మెడికేర్ తనంతట తాను ఫోన్ చేసి బ్రేసులు ఇవ్వజూపదని ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగులో, నెమ్మదిగా చెప్పండి. కార్డు నంబరు క్రెడిట్ కార్డు నంబరుతో సమానమని చెప్పండి. తిట్టకండి. తిడితే రెండోసారి జరిగింది మీకు చెప్పరు.

రెండు. అడగని పెట్టె వస్తే తీసుకోకండి. తీసుకుని ఉంటే వాడకండి, పారెయ్యకండి. పంపినవాళ్ళ పేరు, తేదీ రాసిపెట్టుకుని, ఫొటో తీసి 1-800-633-4227 నంబరుకి ఫోన్ చేసి మెడికేర్‌కి ఫిర్యాదు చెయ్యండి. సీనియర్ మెడికేర్ పెట్రోల్ అనే స్వచ్ఛంద వ్యవస్థ కూడా ప్రతి రాష్ట్రంలోనూ సాయం చేస్తుంది.

మూడు. మెడికేర్ పంపే సమ్మరీ నోటీసు విప్పి చదవండి. తెలియని డాక్టరు పేరు, రాని వస్తువు కనిపిస్తే అప్పుడే అడగండి. నేను అప్పుడే చదివుంటే, ఆ అయిదు నెలలు అమ్మకి తప్పేవి.

నాలుగు. నిజంగా బ్రేస్ అవసరమైతే, చూసిన డాక్టరు చీటీతోనే మొదలుపెట్టండి. అమర్చే మనిషి ఆర్థోటిస్టా, ఫిట్టరా అని మొహమాటపడకుండా అడగండి. రాష్ట్రంలో లైసెన్సు ఉంటే సరిచూసుకోండి. వారం తరవాత మళ్ళీ వస్తే సరిచేస్తారా అని అడగండి. షుగరు ఉన్నవాళ్ళు మొదటి రోజుల్లో గంట గంటకీ విప్పి చర్మం చూసుకోవాలి. ఎర్రమచ్చ త్వరగా పోకపోతే వాడకం ఆపి ఫోన్ చెయ్యాలి.

అమ్మ ఇప్పటికీ ఆ అన్‌లోడర్ బ్రేస్ కట్టుకునే పార్కులో నడుస్తుంది. పట్టీలు పాతబడితే ఆర్థోటిస్టు దగ్గరికెళ్ళి మార్పించుకొస్తాం. ఆయన ప్రతిసారీ ముందు నడవమంటారు. పెట్టెలో వచ్చిన నాలుగూ మా గరాజులో అటక మీద ఉన్నాయి, సాక్ష్యానికి.

ఫోన్లు మాత్రం ఆగలేదు. మొన్నొకరోజు నేను ఇంట్లో ఉండగానే మోగింది. అమ్మే తీసింది. అవతలివాడు చెప్పిందంతా ఓపిగ్గా విని, తన ఇంగ్లీషులో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "యూ సీ మై నీ?"

అవతలివాడు పెట్టేశాడు.